జద్దా ఫోటో ఆగిపోయిన మధ్యాహ్నం

ఒమాన్‌లోని అల్ సువైక్‌లో సముద్రానికి పోయే దారి మీద, మందుల షాపుకూ దర్జీ కొట్టుకూ మధ్య ఒక ఫోటో స్టూడియో ఉండేది. తలుపు అద్దానికి లోపలి నుంచి నల్ల కాగితం అంటించి ఉండేది. తలుపు తీస్తే పరదా, పరదా తీస్తే ఇంకో పరదా. మగపురుగు లోపల అడుగు పెట్టడానికి వీల్లేదు. తాగే నీళ్ల డబ్బా తెచ్చే మలయాళీ ఆయన కూడా దాన్ని గుమ్మం బయటే దించి, తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, ఎవరో తరిమినట్టు వెళ్లిపోయేవాడు.

లోపల రాజ్యమంతా ఫర్జానాది. ఆమెది కడప జిల్లా రాయచోటి. ఒమాన్‌కు వచ్చింది మాత్రం ఇంటిపని వీసా మీద, ఒక బలూచీ కుటుంబంలో వంటా అంట్లూ చూసుకోవడానికి. ఆ ఇంటి యజమానురాలిని పనివాళ్లంతా పిలిచినట్టే తనూ మామా అని పిలిచేది. మన వైపు ఆ పిలుపుకు మీసాలుంటాయి, అక్కడ అమ్మగారికి చెల్లుతుంది. మొదట్లో పిలిచినప్పుడల్లా ఫర్జానాకు నవ్వు ఆగేది కాదు, తర్వాత తర్వాత అలవాటైపోయింది. ఆ మామాకు ఒక ఏడు వ్యాపారం మీద మనసు పుట్టింది. ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే ఫోటో తీసే కొట్టు ఊళ్లో లేదని కనిపెట్టింది. టీ గ్లాసులు అంచుల దాకా పోసి తెచ్చినా ట్రేలో చుక్క ఒలకదు గనుక కెమెరా ఫర్జానా చేతికే ఇచ్చింది. వ్యాపారులు మనుషుల్ని ఎంచుకునే తీరే వేరు.

అయితే కొట్టు తెరవడానికి అసలు అనుమతి ఇచ్చింది మామా కాదు, మామా తల్లి. అందరూ జద్దా అనేవాళ్లు, అంటే అమ్మమ్మ, నాయనమ్మ, ఏదైనా. మంచం దిగలేని వయసులో కూడా ఆ ఇంట్లో ఆవిడ మాటకు తిరుగు లేదు. ఆడదాని ముఖం అమానత్ అంది, అంటే మన దగ్గర నమ్మి దాచుకున్న సొత్తు. కాబట్టి ఫోటో బయట ఏ ల్యాబుకూ పోకూడదు, లోపలే అచ్చు కావాలి. అచ్చవుతుండగానే, ఎవరి ఫోటో అయితే వాళ్ల కళ్లెదుటే కంప్యూటర్లోంచి చెరిపెయ్యాలి. పాడైన కాగితం ఉంటే చెత్తబుట్టలో వెయ్యకూడదు, ముఖం పోయేదాకా నీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లు ఎవరూ తొక్కని చోట పొయ్యాలి.

అందుకే స్టూడియో వెనక గదిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ తొట్టి ఉండేది. రంగు తక్కువైన పెళ్లికూతుళ్లూ, రెప్ప వాల్చిన అత్తగార్లూ అందులో తేలేవాళ్లు. ముందు పెదవులు కరిగేవి, తర్వాత బుగ్గలు, ఆ తర్వాత కళ్ల కాటుక. పని లేని మధ్యాహ్నాల్లో ఫర్జానా ఆ తొట్టి పక్కన పీట వేసుకొని కూర్చుని చూస్తూ ఉండేది. ముఖాలు పోయేవి కానీ నీళ్లలో ఒక వెలుగు మిగిలేది, గులాబీ కాదు, పసుపు కాదు, ఏదో ఇంకా పేరు పెట్టని రంగు. వాళ్లంతా ఆ నీళ్లలో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారేమోనని ఆమెకు అనిపించేది. చూస్తూ చూస్తూ కునుకు పట్టేది. లేచాక ఆ నీళ్లు తీసుకెళ్లి ప్రహరీ పక్కనున్న రేగుచెట్టు మొదట్లో పోసేది.

జద్దా ముఖం మాత్రం ఎవరూ చూసినవాళ్లు లేరు. పెళ్లయిన నాడు ముసుగు కట్టింది. నీలిమందు పట్టించి మెరిసేదాకా రుద్దిన గుడ్డ అది, నుదుటి నుంచి పెదవుల దాకా కప్పేస్తుంది, కళ్లకు మాత్రం రెండు సందులు. ఆ ఊళ్లో పాతకాలం ఆడవాళ్లు చాలామంది కట్టేవాళ్లే, కానీ ఇంట్లో ఆడవాళ్ల మధ్య తీసి పక్కన పెట్టేవాళ్లు. జద్దా తీసేది కాదు. కన్న కూతురి ముందు కూడా తీసేది కాదు. భోజనం దగ్గర అంచు కాస్త పైకెత్తి ముద్ద లోపలికి పంపేది. ఎందుకలా అని అడిగితే చెప్పేది కాదు. కారణం చెప్పగలిగితే అది మొండితనం ఎందుకవుతుంది!

చేతులు వణకడం మొదలయ్యాక ముఖం కడిగే పని ఫర్జానా మీద పడింది. కూతురు వస్తానన్నా ఆవిడ రానివ్వలేదు. జీతానికి వచ్చిన మనిషి దగ్గర మొహమాటం ఏముందనుకుందో ఏమో. పొద్దున్నే గది గడియ పెట్టి, ముసుగు విప్పి, ఫర్జానా ఆ ముఖాన్ని వేడినీళ్లతో కడిగేది. ముక్కు మీదా చెంపల మీదా ముసుగు రంగు దిగి నీలంగా ఉండేది. ఎంత రుద్దినా పూర్తిగా పోయేది కాదు. సబ్బు కళ్లలో పడుతుందని ఫర్జానా తన నోటికి వచ్చిన తెలుగులో “కండ్లు మూస్కో” అనేది. జద్దాకు ఉర్దూ వచ్చు, చిన్నప్పుడు కరాచీలో పెరిగింది, ఇద్దరూ మాట్లాడుకునేది ఆ భాషలోనే. తెలుగులో మాత్రం ఆ ఒక్క మాటా నేర్చింది. చంటిపిల్లలా గట్టిగా కళ్లు మూసుకునేది.

గోను తుఫాను వచ్చి పోయిన మరుసటేడు, ఖర్జూరాలు రంగు తిరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం, జద్దా స్టూడియోకి వచ్చింది. ఆ వేళకు ఊరు ఊరంతా పడుకుంటుంది. ఎండ తెల్లగా కాచి, దారులు, గోడలు, మేకలు అన్నీ కలలోవాటిలా కదలకుండా ఉంటాయి. డ్రైవరు తలుపు దాకా తెచ్చి వదిలిపెట్టాడు. ఆవిడ గోడ పట్టుకుని, రెండు పరదాలూ తనే తప్పించుకుని, కుర్చీలో కూర్చుంది.

“నా ఫోటో తియ్యి,” అంది.

ఫర్జానా తను విన్నది నిజమేనా అని చూస్తుండగానే ఆవిడ ముసుగు ముడి విప్పింది.

“నేను పోయాక నా కూతురికి ఇవ్వు. ఒక్కటే. ఆ వెలిగే అద్దం మీద చూపించకు, కాగితం చేతిలో పెట్టు. తర్వాత చెరిపెయ్యి. తనకు నువ్వే చెప్పు, నేను చెప్పను.”

లైట్లు వేసేసరికి జద్దా కర్రలా బిగుసుకుపోయింది. నవ్వమంటే నవ్వదు, ఇటు చూడమంటే గోడ చూస్తుంది. ఆ నీలి చెంపలు దగ్గరగా కనబడేసరికి ఫర్జానా నోటికి రోజూ వచ్చే మాటే వచ్చింది. “కండ్లు మూస్కో,” అనేసింది. జద్దా ఠక్కున మూసుకుంది. సబ్బూ లేదు, నీళ్లూ లేవని ఒక క్షణానికి తెలిసి, కళ్లు తెరిచి ఫర్జానాను చూసి, మిగిలిన నాలుగు పళ్లూ కనబడేలా నవ్వేసింది. ఫర్జానా బటన్ నొక్కింది.

ఆ రోజంతా ఫర్జానా గాలిలో నడిచింది. ఆ నవ్వు నాది అనుకుంది. పరాయి ఇంట్లో, పరాయి గిన్నెల మధ్య బతికే మనిషికి నాదని చెప్పుకోవడానికి ఏం దొరుకుతుంది గనక! ఆ నవ్వు కన్న కూతురికి కూడా కాదు. తనకు.

జద్దా ఎక్కువ రోజులు ఆగలేదు. ఖర్జూరం గెలలు కోస్తున్నప్పుడే, నిద్రలోనే పోయింది. ఆడవాళ్లు గదిలో చేరి ఆఖరి స్నానం చేయించారు. నీళ్లు పోసింది ఫర్జానా, ముసుగు విప్పింది మామా. అప్పుడు మామా చేతులు ఆగిపోయాయి. తల్లి ముఖం ఆమె చూడడం అదే మొదలు, చూపు మూసిన కళ్ల మీదే ఆగి మిగతాదేదీ ఆనలేదు.

మూడు రోజుల పరామర్శలూ అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ఫర్జానా కాఫీ పళ్లెం తీస్తూ ఫోటో సంగతి చెప్పింది. మామా చాలాసేపు నమ్మలేదు. నమ్మాక నెమ్మదిగా అంది.

“ఇన్నేళ్లూ అమ్మ కళ్లు చూశాను. మొన్న ముఖం చూశాను, కళ్లు మూసి ఉన్నాయి. రెండూ ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు ఫర్జానా. అది చూపించు.”

ఇద్దరూ మధ్యాహ్నం స్టూడియోకి వెళ్లారు, కొట్టు మూసి ఉండే వేళ. ఏసీ గుర్రుమంటోంది. మామా సోఫాలో కూర్చుని, జద్దా మాట ప్రకారం, కంప్యూటర్ వైపు చూడకుండా ప్రింటర్ వైపే చూస్తోంది. ఫర్జానా బిస్మిల్లా అనుకుని, ఫోటో తెరిచి, మంచి కాగితం పెట్టి, ప్రింట్ నొక్కింది. కాగితం లోపలికి పోయింది. మిషన్ తల అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. అలవాటు పాడుగాను! ఎన్ని వందల మంది ముందు చేసిందో, అదే వరసలో ఫర్జానా చెయ్యి తనంతట తనే కదిలింది. “ఇదిగో మామా, చెరిపేస్తున్నా, చూడండి,” అని నోరు కూడా అనేసింది. ఫోటోను చెరిపింది, కంప్యూటర్లోని చెత్తడబ్బా కూడా ఖాళీ చేసింది.

సరిగ్గా అప్పుడే మిషన్ ఆగిపోయింది.

కాగితం సగంలో వేలాడుతోంది. నల్ల ఓణీ అంచు, కింద నెరిసిన పాపట, ముడతలు పడ్డ నుదురు, కనుబొమల మొదలు. అక్కడితో సరి. రెండు ఎర్ర లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతున్నాయి. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. మిషన్ లోపలి భాగాల ఆయుష్షు తీరిపోయిందట, బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లమంటోంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఫర్జానా మౌస్ పట్టుకుని అన్ని మూలలా వెతికింది. కెమెరాలో లేదు, ఆ రోజే చెరిపేసింది. కంప్యూటర్లో లేదు. ఆఖరికి తెర మూలనున్న చిన్న ప్రింటర్ బొమ్మ మీద నొక్కితే, అచ్చు కావాల్సిన పనుల వరసలో ఒకే ఒక్కటి, జద్దా ఫోటో, ఇంకా నిలబడి ఉంది. దాన్ని ముట్టుకుంటే ఉంటుందో పోతుందో ఆమెకు తెలీదు.

మామా లేచి వచ్చింది. కాగితం మీద ఆ నుదుటిని చూసింది.

“అమ్మకు ఇష్టం లేదు,” అంది. “బతికినన్నాళ్లూ చూపించలేదు. ఇప్పుడు కనుబొమల దాకా వచ్చి ఆగిపోయింది. నాకు అర్థమైంది. ఆపెయ్.”

ఆపెయ్ అంటూ తనే ప్లగ్గు వైపు చెయ్యి చాచింది. ఫర్జానా ఆ మణికట్టు పట్టుకుంది. యజమానురాలి చెయ్యి పట్టుకోవడం ఆమె ఎరగదు, మామా కూడా ఎరగదు. ఇద్దరూ ఆ చేతుల వైపే చూశారు.

“అమ్మ ఆగలేదు మామా. ఆగింది మిషన్. నాకు కాస్త టైం ఇవ్వండి.”

మామా వెళ్లి సోఫాలో గోడ వైపు తిరిగి పడుకుంది.

రాజధానిలో రూవి అనే పేటలో, కంప్యూటర్లు బాగుచేసే కొట్టులో ఖాదర్‌వలి అని వేంపల్లె అతను పని చేసేవాడు. ఆ ప్రింటరు అమ్మింది అతనే. ఫర్జానాను ఆపా అనేవాడు, అంటే అక్క. ఏ చిక్కొచ్చినా ఫోన్లోనే చెప్పేవాడు, ఎందుకంటే అతనూ మగపురుగే కదా. ఫర్జానా వెనక గదిలోకి వెళ్లి ఫోన్ చేసింది.

“ఏం ఆపా, ఈ టైంలో?”

“మిషన్ నిలబడిపాయ వలీ. ఎర్ర లైట్లు ఒగదాని మీద ఒగటి కొడతా ఉండాయి. దాని ఆయుస్సు తీరిపాయ అంటాది.”

“ఓ, అదా! పోయినేడు గూడా ఇట్లనే నిలబడె గదా, మర్చిపోతివా? అదేం సావలేదు ఆపా, లెక్క నిండినాది. మిషను నోరు కడుక్కున్నప్పుడంతా రంగు ఉమ్ముతాది. అది అడుగున ఒగ మెత్తలో పడతాది. ఎంత ఉమ్మినానో అని లెక్క పెట్టుకుంటా ఉంటాది. మెత్త నిండినాదా లేదా సూసేకి దానికి కండ్లు యాడివి? లెక్క నిండితే సాలు, ఇంగ నావల్ల కాదని కూసుంటాది. ఆ లెక్క సున్నా చేస్తే మళ్లా లేస్తాది.”

“అయితే సున్నా చేసేది చెప్పు, పోయిన తూరి మాదిరి.”

“చెప్తా. పోయిన తూరి మెత్త గూడా కడగమని చెప్పినా. కడిగినావా?”

“ముందు సున్నా చేసేది చెప్పు వలీ.”

“కడగలే. రెండు లెక్కల రంగు దాంట్లోనే ఉండాది ఇప్పుడు. ఉట్టి సున్నా చేసి నడిపితే, అడుగు నుంచి పొంగి నీ కాగితమంతా నల్లగా చేస్తాది. ఎందుకు కడగలేదు ఆపా?”

ఎందుకు కడగలేదో ఫర్జానాకు తెలుసు, చెప్పడానికి సిగ్గేసింది. మెత్త తీసి పారెయ్యమని, కొత్తది బస్సులో పంపుతానని అతను అప్పుడే అన్నాడు. కానీ ఆమె లెక్కలో ఆ మెత్తలో ఉన్నది ఉత్త రంగు కాదు. ఈ కొట్టులో కూర్చున్న ప్రతి ఆడమనిషికీ అచ్చయ్యే ముందు మిషన్ ఉమ్మింది, అచ్చయ్యాక ఉమ్మింది. ముఖంలోకి పోవాల్సిన రంగే అందులోకి పోయింది. అదీ అమానతే అనుకుంది. పారెయ్యడానికి మనసొప్పలేదు, తీసి చూడడానికి ధైర్యం చాల్లేదు. చదువుకున్నవాళ్లు వింటే నవ్వుతారు. నవ్వుకోనీ, వాళ్లకు జద్దా చేతికింద పని చేసే యోగం లేదు.

“వలీ, ఇంగొగటి. ఫోటో చెరిపేసినా. వరసలో మాత్రం కనబడతాది.”

అటువైపు ఒక నిట్టూర్పు. “క్యాన్సిల్ కొట్టలేదు గదా? సరే. అంత భయమెందుకు, చెరిపింది గూడా తీయొచ్చు. సిస్టం ట్యాక్సీకి ఏసి నాకు పంపు. రేపటికి తీసి పెడతా.”

ఎంత సులువు! పంపితే చాలు. ఫర్జానా పరదా సందులోంచి సోఫా మీద ముడుచుకున్న మామాను చూసింది.

“అది ముసుగు తీసిన ముఖం వలీ,” అంది. “నువ్వు నా తమ్ముని మాదిరి. అయినా నువ్వు సూడగూడదు.”

ఖాదర్‌వలి గొంతు తగ్గించాడు. “అట్లయితే సరే ఆపా,” అన్నాడు. “ఆ వరసలో ఉండేదే మనకు దిక్కు. దాని మీద పాజ్ అని కొట్టు. కంప్యూటర్ ఆపొద్దు. మిషన్ ఒగదాన్నే ఆపు. ఎనక పక్క ఒగ చిన్న మూత ఉంటాది, స్క్రూ ఇప్పు. మెత్తలు ఒగదాని మీద ఒగటి ఏ వరసలో ఉండాయో సూసుకో. నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడుగు. ఎండలో ఆరబెట్టు. ఆరినాక ఫోన్ చెయ్.”

సగం అచ్చయిన కాగితాన్ని ఫర్జానా తీసి, ముఖం లేని ఆ నుదుటిని కళ్లకద్దుకుని, తొట్టి నీళ్లలో వదిలింది. పద్ధతి పద్ధతే. తర్వాత చేతికి పాలిథిన్ సంచి కట్టుకుని మూత విప్పి, మెత్తలు బయటికి లాగింది. తెల్లగా పుట్టి ఉంటాయి, ఇప్పుడు కాటుక ముద్దల్లా ఉన్నాయి. వాటిని పళ్లెంలో పెట్టుకుని వెనక తలుపు తీసింది.

బయట ఎండ కాదు, వెలుగు కురుస్తోంది. ఖర్జూర తోట కదలడం లేదు. తోటకు నీళ్లు పారే సిమెంటు కాలవలోంచి ఎక్కడో సన్నగా చప్పుడు వస్తోంది, అంతే. ఫర్జానా రేగుచెట్టు నీడలో కొళాయి తిప్పి, మెత్తను నీళ్ల కింద పెట్టి ఒత్తింది.

ముందు నలుపు వచ్చింది. ఇక నలుపేనేమో అనుకుంది. ఇంకోసారి ఒత్తితే అంచుల్లోంచి నీలం జారింది. నీలం వెనక గులాబీ, గులాబీ వెనక పసుపు. కలిసి ఉన్నంతసేపూ నల్లగా ఉన్నవి, నీళ్లు తగలగానే ఎవరి దారిన వాళ్లు విడిపోయి చెట్టు మొదట్లోకి పాకుతున్నాయి. ఆ గులాబీలో ఆమెకు గోరింట చేతుల పెళ్లికూతురు కనబడింది, కెమెరా ముందు ఏడుపు ఆపుకోలేక మూడుసార్లు లేచి వెళ్లిన పిల్ల. పసుపులో ఎవరిదో నగల పెట్టె. బిడ్డను ఎత్తుకుని ఫోటో దిగిన ఒక బాలింత వచ్చి రేగుకొమ్మ కింద కూర్చున్నట్టయింది. వాళ్ల వెనక ఇంకా ఎవరెవరో. తొట్టిలో కరిగినవాళ్లూ, కాగితాల మీద ఇళ్లకు పోయినవాళ్లూ అందరూ చెట్టు చుట్టూ చేరి, ఎండలో నిద్ర కళ్లతో, ఏమీ అడగకుండా నిలబడ్డారు. ఫర్జానాకు భయం వెయ్యలేదు. మీవి మీకు ఇచ్చేస్తున్నా, తీసుకోండి అనుకుంది. రాయచోటిలో వాళ్లమ్మ కూడా ఆ గుంపులో ఉందేమోనని చూసింది. కొంగు కనబడినట్టే ఉంది కానీ ముఖం అటు తిప్పుకుని ఉంది. “మా, ఇట్ల సూడు,” అని పిలిచింది కూడా. ఎవరూ పలకలేదు.

నీళ్లు తెల్లబడ్డాయి. ఆ తెలుపు చూసేసరికి ఆమెకు తెలివొచ్చింది. అరచేతులు నీలంగా ఉన్నాయి. పొద్దున్నే జద్దా ముఖం కడిగాక ఉండేంత నీలం. అప్పుడు ఏడుపు వచ్చింది. ఆవిడ పోయిన రోజు రాలేదు, పనివాళ్లకు ఆ రోజు ఏడ్చే తీరికెక్కడిది? ఇప్పుడు చెట్టు కింద కూర్చుని, ఎవరూ చూడకుండా, కడుపారా ఏడ్చింది.

మెత్తలు రాయి మీద ఆరిపోయాయి. ఒమాన్ ఎండ ఇంకెందుకూ పనికిరాకపోయినా అందుకు పనికొచ్చింది. ఫర్జానా లోపలికి వచ్చి వాటిని వరస తప్పకుండా సర్దింది, మూత బిగించింది, ఫోన్ చేసింది.

“నేనిచ్చిన సీడీలో చిన్న ప్రోగ్రాం ఉండాది, తెరువు,” అన్నాడు ఖాదర్‌వలి. “దాంట్లో లెక్క కనబడతాది. కింద రీసెట్ అని ఉండాది సూడు, కొట్టు. మెత్త మార్చినావా అని అడుగుతాది, అవునను. పోయిన తూరి దానికి అబద్ధం చెప్తిమి. ఈ తూరి నిజమే గదా.”

ఫర్జానా అవునంది. గళ్లో ఉన్న పెద్ద అంకె ఒకసారి రెప్పపాటు ఆరి, సున్నా అయి కూర్చుంది. మిషన్ ఆపి మళ్లీ వేసింది. ఎర్ర లైట్లు లేవు. లోపల ఏదో కిర్రుమని సర్దుకుని, ఒక పచ్చ లైటు నిలకడగా వెలిగింది.

“ఇంగ ఆ వరసలో ఉండేదాని మీద రీస్టార్ట్ కొట్టు ఆపా. నేను పెట్టేస్తా. ఆ ముఖం వచ్చేటప్పుడు నేను ఫోన్లో ఉండేది గూడా బాగుండదు,” అని అతను ఫోన్ పెట్టేశాడు. దేవుడు చల్లగా చూడాలి, కొందరు మగవాళ్లకు పరదా లేకపోయినా బయట నిలబడడం తెలుసు.

ఫర్జానా కొత్త కాగితం పెట్టింది. వేలు మౌస్ మీద ఉంది, నొక్కడం లేదు. వరసలో ఉన్నది ఉత్త పేరే అయితే? నొక్కగానే అదీ పోతే? ఆ ముఖం ఇక ఈ లోకంలో తన ఒక్కదాని తలకాయలో తప్ప ఎక్కడా ఉండదు. ఆమె వెనక ఎవరో ఊపిరి తీశారు. మామా ఎప్పుడు లేచి వచ్చిందో, భుజం మీద చెయ్యి వేసింది.

“నొక్కు,” అంది.

కాగితం లోపలికి పోయింది. మిషన్ తల మగ్గంలో నాడెలా అటొకసారి, ఇటొకసారి. నల్ల ఓణీ. పాపట. నుదురు. కనుబొమలు వచ్చినప్పుడు ఇద్దరూ ముందుకు వంగారు. మిషన్ ఆగలేదు. రెప్పలు వచ్చాయి, రెప్పల కింద తెరిచిన కళ్లు వచ్చాయి, సుర్మా చెదిరి, తడితడిగా. ముక్కు వచ్చింది. ముక్కు మీద, రెండు చెంపల మీద నీలం.

“రంగు ఒలికింది!” అంది మామా కంగారుగా.

“ఒలకలేదు మామా. ఆమె ముసుగు రంగు అది. ఎప్పుడూ ఉండేదే.”

ఎప్పుడూ ఉండేదన్న ఆ మాట మామాకు ఎక్కడ తగిలిందో, ఆమె చెయ్యి ఫర్జానా భుజం మీద బరువెక్కింది. ఆ తర్వాత పెదవులు వచ్చాయి, పళ్లు వచ్చాయి. కాగితం మొత్తం బయటికి జారి పళ్లెంలో పడింది.

మామా దాన్ని తడి తగలకుండా అంచులు పట్టుకుని తీసింది. సోఫాలో కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. ఒక కన్ను, ఇంకో కన్ను, ముక్కు, నోరు, ఒక్కొక్కటే చూసింది. ఆ తర్వాత అన్నీ కలిపి చూసింది. ఏసీ చప్పుడు, దూరంగా దారిన పోయే బండి చప్పుడు, రెండే ఉన్నాయి.

“నవ్వుతోంది,” అంది.

“అవును మామా.”

“నా ఎదురుగా ఇలా నవ్వినట్టు నాకు గుర్తు లేదు. ముసుగులో నవ్వినా నాకేం తెలుస్తుంది?” తల ఎత్తింది. “ఎవర్ని చూసి నవ్వుతోంది ఫర్జానా?”

ఫర్జానా గొంతులోకి జవాబు వచ్చేసింది. ఆ గదిలో ఆ వేళ ఉన్నది ఇద్దరే. చెబితే పోయేదేముంది, మామా ఏమీ అనదు, నిజానికి ఎవరూ కోపం తెచ్చుకోరు. అది తన నవ్వు. ఎన్ని పొద్దుల సబ్బునీళ్లు పోస్తే దక్కిన నవ్వు! ఈ దేశం నుంచి ఇంటికి పోయేనాడు పెట్టెలో పెట్టుకోలేకపోయినా, తీసుకుపోవాలనుకున్నది అదొక్కటే. ఆమె మామా ముఖం చూసింది. పెద్ద కుటుంబం ఆడమనిషి, తల్లి నవ్వు కోసం పనిమనిషి నోటి వైపు చూస్తోంది.

“మిమ్మల్నే,” అంది ఫర్జానా. “కూర్చోగానే నన్ను అడిగింది, నా కూతురు దీన్ని చూసేటప్పుడు ఎక్కడ ఉంటుంది అని. ఇదిగో, ఇక్కడ ఉంటుంది జద్దా అని కెమెరా అద్దం చూపించాను. అటే చూసింది. చూసి నవ్వింది.”

మామా మళ్లీ ఫోటో వైపు తిరిగింది.

“మా అమ్మ అలా అడిగే మనిషి కాదు,” అంది.

ఫర్జానా తల దించుకుంది. కాళ్ల కింద నేల చల్లగా ఉంది.

మామా సోఫాలో ఒక పక్కకు జరిగింది. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఆమె పక్కన కూర్చున్నది లేదు ఫర్జానా. వెళ్లి కూర్చుంది. ఫోటో ఇద్దరి మోకాళ్ల మీదికీ వచ్చింది.

“ఇంకోసారి చెప్పు,” అంది మామా.

ఫర్జానా మొదటి నుంచి చెప్పింది.